యథాశక్తి

ధనుర్మాసమున వైష్ణవ గృహములకు తెల్లవారుజాము కొంచెము ముందుగనే వచ్చును. నాలుగు గంటలకే దీపములు వెలుగును. ముంగిట కళ్ళాపి, ముగ్గు, గొబ్బెమ్మలు అయి, స్నానములు ముగిసి, ఇంటిల్లిపాదియు శాలువలు కప్పుకొని చలిలో ఆలయమునకు బయలుదేరుదురు. ముప్పది పాశురములకు ముప్పది దినములు. సేవాకాలము, శాత్తుమొఱ, దొప్పలో వేడి పొంగలి. తక్కిన పదునొకండు మాసములు గుడి మెట్టు తొక్కనివారు సైతము ఈ మాసమున తొక్కుదురు. రానివారెవ్వరో వీధియంతకును తెలియును.

అట్టి యొక వీధిలో ఒక ఇల్లాలిని భావన చేయుదము. వయస్సు నలుబదికి లోపు. చూపునకు ఆరోగ్యవతి, ముఖమున కళ తప్పలేదు, ఒడలు చిక్కలేదు, నడకలో కుంటు లేదు. ఈమె మాసము మొదలైన నాటినుండి ఒక్క ఉదయమును గుడికి పోలేదు. ముంగిట ముగ్గు అత్తగారు పెట్టుచున్నది. కాని మధ్యాహ్నము రెండు గంటలు దాటిన పిమ్మట, అరుగుమీద ఎండపొడ పడుచోట చాప పరచుకొని, పాత నూలు చీరలతో బొంత కుట్టుచు కూర్చుండును. ఒకనాడు వీధిని పోవు పొరుగామె నిలిచి, లోపలనున్న అత్తగారితో అనెను:

"పిన్నిగారూ, పొద్దున్నే ఆండాళ్ తల్లి దగ్గరికి రావడానికి మీ కోడలికి ఓపిక లేదు గాని, బొంత కుట్టుకోవడానికి మాత్రం ఉందండీ! చేతగానమ్మకు చేష్టలెక్కువని ఊరికే అన్నారా?"

అత్తగారు నవ్వలేదు. కాదనియు అనలేదు. "ఏం చెప్పమంటావమ్మా" అని ఊరకుండెను. కోడలికి ఆ సామెతకంటె ఆ ఊరకుండుటయే సూదివలె గ్రుచ్చుకొనెను.

పొరుగామె చెడ్డది కాదు. చూచినది చెప్పినది. ఆమె చూడనిది వేరొకటి కలదు. ఆనాటి తెల్లవారుజామున, గుడి మైకులో పాశురము వినబడుచుండగా, ఈ ఇల్లాలు వంటింటిలో పీటమీద కూర్చుండి, గోరువెచ్చని నీళ్ళగిన్నెలో రెండు చేతులును ముంచుకొని, వ్రేళ్ళు ఎప్పుడు ముడుచుకొనునా యని ఎదురుచూచుచుండెను. ముప్పావుగంట గడచినను పిడికిలి బిగియలేదు. జాకెట్టు హుక్కులు పెట్టుకొనుటకు కూతురిని పిలువవలసి వచ్చెను. పాశురమును మాత్రము ఆమె పెదవులు తప్పు లేకుండ అనుసరించినవి.

ఈ వ్యాధి మన వైద్యులకు క్రొత్తది కాదు. మాధవకరుడు తన నిదాన గ్రంథమున ఆమవాతమునకు ప్రత్యేకముగ ఒక ప్రకరణము నిచ్చెను. నేటి వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అను వ్యాధి లక్షణములు దానికి చాల దగ్గరగ నుండును. శరీరమును శత్రువులనుండి కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, కీళ్ళ లోపలి పొరను శత్రువుగ నెంచి దానిపై పడును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగ వచ్చును. ఉదయము లేచునప్పటికి కీళ్ళు బిగుసుకొనిపోయి, గంటకు పైగా సడలవు. నొప్పికి తోడు ఒక విధమగు అలసట; అది రాత్రియంతయు నిద్రించినను తీరదు. ఒక వారము తగ్గినట్లుండి, మరుసటి వారము కారణము చెప్పకయే తిరుగబెట్టును. ఈ వ్యాధికి వాడు మెథోట్రెక్సేట్ మాత్రను వారమునకు ఒక్క దినముననే పుచ్చుకొందురు. మరునాడు కొందరికి వికారము, నీరసము కలుగును. వ్యాధి సమూలముగ పోవునది కాదు గాని, తొలిదశలోనే చికిత్స మొదలిడినచో వ్రేళ్ళు వంకరపోకుండ చాలవరకు కాపాడవచ్చును. ఇందొక విపరీతము కలదు. మందు పనిచేయుటవలన వ్రేళ్ళు తిన్నగ నున్నవి. వ్రేళ్ళు తిన్నగ నున్నవి కనుక జబ్బే లేదని లోకము తీర్పు చెప్పును.

లోకము వేయు ప్రశ్నలు రెండు. ఇది వ్యాధియా, సోమరితనమా అనునది మొదటిది. వ్యాధియే యైనచో, మిగిలిన ఆ కొంచెము ఓపికను ఎవ్వరును అడుగని బొంతకు వెచ్చింపనేల అనునది రెండవది.

మొదటిదానికి సమాధానము త్వరగ చెప్పవచ్చును. పతంజలి మహర్షి యోగసూత్రములలో చిత్తమును చెదరగొట్టు అంతరాయములను తొమ్మిదింటిని లెక్కించెను. వానిలో మొట్టమొదటిది వ్యాధి. ఆలస్యము, అనగా సోమరితనము, అయిదవది. రెండును ఒకటే యైనచో అంత పొదుపుగ అక్షరములు వాడు సూత్రకారుడు రెండుమార్లు చెప్పునా? వ్యాసభాష్యము వీని లక్షణములను గూడ వేరుపరచినది. ధాతువులు, రసములు, ఇంద్రియములు సమస్థితి తప్పుట వ్యాధి. దేహమనస్సుల బరువుచేత ప్రయత్నమే లేకుండుట ఆలస్యము. ఈ ఇల్లాలియందు లేనిది ప్రయత్నము కాదు. వేడినీళ్ళలో చేతులుంచుకొని కూర్చుండుటయే ఆమె ఆనాటి మొదటి ప్రయత్నము. అది అందరును చేయు ప్రయత్నములకంటె ముందే మొదలైనది.

రెండవ ప్రశ్న కష్టమైనది. దానిని పూర్వమీమాంసలో ఒక న్యాయముతో పోల్చి చూచినగాని తేలదు.

జైమిని సూత్రములలో ఆరవ అధ్యాయము మూడవ పాదము ఆరంభముననే ఒక విచారము కలదు. అగ్నిహోత్రము, దర్శపూర్ణమాసములు మొదలగు కర్మలు జీవితాంతము చేయవలసినవి. వానికి అంగములు పెక్కు. ఒకనాడు అన్ని అంగములను నిర్వహించు శక్తి లేకపోయినచో ఆ కర్మ చేయవచ్చునా, లేక మానవలెనా? సర్వాంగములును సమకూర్చుకొనగల వానికే అధికారము. లేనివాడు చేసినను చేయనట్లే యని పూర్వపక్షము. వినుటకు ఇది చాల నిష్ఠగల మాటవలె నుండును. కాని సిద్ధాంతము అది కాదు. నిత్యకర్మయందు ప్రధానమును విడువరాదు. అంగములను శక్తి యున్నంతవరకు చేయవలెను. శక్తి చాలక కొన్ని లోపించినను కర్మ చెడదు. స్వర్గమో సంతానమో కోరి చేయు కామ్యకర్మ విషయము వేరు. దానియందు అన్ని అంగములును ఉండవలసినదే; ఒక్కటి లోపించినను ఫలము రాదు. సంధ్యావందనము మొదలు తిరువారాధనము వరకు మన యిండ్లలో యథాశక్తి యను మాట వినబడుచునే యున్నది. దాని వెనుక ఇంత విచారము కలదు.

ఈ భేదమును ఇంటిలోనికి తెచ్చి చూడుడు. వంట, వార్పు, ముగ్గు, పూజ, పిల్లల చదువు, అతిథి మర్యాద, ఇవి గృహిణికి నిత్యకర్మలవంటివి. ఈ నాటికి ఈ పని కావలెనను కోరిక లేకున్నను తప్పనివి. అట్లైనచో వానిని యథాశక్తిగ చేయుటకు ఆమెకు శాస్త్రము అనుమతించుచున్నది. కాని ఇల్లు అనుమతించుచున్నదా? ఈ ఇల్లాలు పండుగనెలలో ఒకనాడు ఆలస్యముగ లేచి, పది గంటలకు గడపకు ముందు నాలుగు చుక్కల చిన్న ముగ్గు పెట్టబోయెను. "పొద్దెక్కాక సగం ముగ్గు పెట్టడం కంటే మానేయడం నయం కదమ్మా" అనిరి. వంటింటిలో కూర తరుగుటకు కూర్చుండగా "నువ్వు తరిగేటప్పటికి పొయ్యి ఆరిపోతుంది, లే" అనిరి. ఎవ్వరును కోపముతో అనలేదు. కొందరు జాలితోనే అనిరి. కాని ఆ మాటల అర్థమేమి? చేసినచో మొత్తము చేయుము, లేనిచో మానుము. నిత్యకర్మను కామ్యకర్మగ మార్చి, అంగలోపమును సహింపని నియమమును ఆమెపై విధించిరి. జైమిని త్రోసివేసిన పూర్వపక్షము వంటింటిలో సిద్ధాంతమై కూర్చున్నది.

కావుననే ఆమె బొంత దగ్గరకు పోయెను. బొంత ఒక్కటే ఆమె చేయగలిగినంత చేసిన చాలునని ఒప్పుకొన్నది.

బొంత కుట్టు విధము తెలిసినవారికి ఈ మాట వివరింపనక్కరలేదు. అయిదారు పాత నూలు చీరలను, అంచులు తీసి, ఒకదానిపై నొకటి పరచి, నాలుగు మూలలు లాగి, మొదట పెద్ద పెద్ద కుట్లతో నిలుపుదురు. చినిగిన చోట మరియొక ముక్క అతుకుదురు. పిమ్మట అంచు వెంబడి మొదలిడి లోపలికి, వరుసవెంట వరుసగ సన్నని కుట్టు నడిపింతురు. పలుమార్లు ఉదికి మెత్తబడిన నూలు గనుక సూది సుళువుగ దిగును. పసిబిడ్డకు క్రొత్త దుప్పటికంటె ఇట్టి బొంతయే హాయి యని పెద్దవారు ఎరుగుదురు. వంగదేశమున దీనినే కాంథా యందురు. కన్నడ దేశమున కౌది. సంస్కృతమున కంథ. భర్తృహరి వైరాగ్యశతకమున విరాగి ధరించు చింకి కంథను పేర్కొనెను. అన్నియు విడిచినవాని కప్పడము, అప్పుడే భూమిపైకి వచ్చిన బిడ్డ పక్కబట్ట, రెండింటికిని ఒకటే పేరగుట చిత్రము. ఈ పాత చీరలకు వేరు గతులు రెండే: స్టీలు గిన్నెలవానికి ఇచ్చుట, లేదా భోగిమంటలో వేయుట.

ఈ పనిలో వ్యాధిగ్రస్తులకు అనుకూలమైన గుణమొకటి కలదు. దీనిని ఎచ్చట కావలసిన అచ్చట ఆపవచ్చును. పొయ్యిమీద అన్నము ఉడుకుచుండగా చేతులు పట్టు తప్పినచో ఏమగును? గంజి వార్చునప్పుడు పట్టు సడలినచో కాళ్ళు బొబ్బలెక్కును. నీళ్ళబిందె నడుమ దింపినను నడుము పట్టినది పట్టినట్లే. బొంత అట్లు కాదు. నొప్పి మొదలైన క్షణమున సూదిని గుడ్డలో గ్రుచ్చి లేవవచ్చును. మూడు దినములకు వచ్చినను, ముప్పది దినములకు వచ్చినను, విడిచిన చోటనే ఎదురుచూచుచుండును. ఒక గంట ఓపిక యున్నచో ఆ గంటను వంటకు ఈయరాదా యని అడుగువారు, ఓపికను సంచిలోని రూపాయలవంటిదిగ భావించుచున్నారు. రూపాయి ఏ అంగడిలోనైనను చెల్లును. ఓపిక అట్లు చెల్లదు. సూది పట్టిన చేయి బిందె ఎత్తలేకపోవచ్చును. మధ్యాహ్నపు చేయి ఉదయపు చేయి కాదు. ముందుగ చెప్పి రాని జబ్బుతో కాపురము చేయువారికి, చెప్పకుండ ఆపదగిన పనులే మిగులును. బియ్యములో రాళ్ళు ఏరుట, పత్తితో వత్తులు చేయుట, పిల్లవానిచేత ఎక్కాలు చెప్పించుట ఇట్టివే. నిజమునకు ఈ ఇల్లాలు బొంత తీయుటకు ముందు ప్రతి మధ్యాహ్నము కొన్ని వత్తులు చేసి అత్తగారి డబ్బాలో వేయుచునే యున్నది. తెల్లవారుజామున గుడికి పోయినవి ఆ వత్తులే. అయినను ఈ సంగతిని ఆమె పక్షమున సాక్ష్యముగ చూపుట భావ్యము కాదు. వత్తులు చేయకున్నను బొంత దోషము కాదు. రోగి తన చిన్న సంతోషమునకు వెలగ ఏదో యొక సేవను చెల్లించి తీరవలెనని ఏ స్మృతియు చెప్పలేదు. ఆరోగ్యవంతులను మనము అట్లు అడుగుటలేదు గదా!

"కొంటే దొరికే దుప్పటికి ఇంత శ్రమ ఎందుకు?" అనువారును కలరు. అంగడిలో దుప్పటి దొరకును. కాని నొప్పిని ఎవ్వరికిని చూపలేనివారికి, నిన్న వేసిన కుట్టు నేడు కంటికి కనబడుట ఎంత ఊరటయో, ఆ దుప్పటి అమ్మువానికేమి తెలియును?

ఇంతవరకు ఒక పక్షము. యథాశక్తి యను మాటకు రెండవ అంచు కూడ కలదు. దానిని దాచిపెట్టుట పండితధర్మము కాదు. శక్తికి తక్కువ చేయుట యథాశక్తి కానట్లే, శక్తికి మించి చేయుటయు కాదు. ఈ రెండవ తప్పునకు రోగులు స్వయముగ లోబడుదురు. నెలకు ఒకటి రెండు దినములు ఒడలు తేలికగ తోచును. వ్రేళ్ళు చెప్పినట్లు వినును. "ఈరోజు ఎలాగైనా ఈ అంచు పూర్తి చేసేస్తాను అత్తయ్యా" అని ఆ ఇల్లాలు రెండు గంటలకు కూర్చుండి, దీపాలవేళవరకు లేవలేదు. మరునాడు మంచము దిగలేదు. దాని మరునాడును దిగలేదు. ఆ రెండు దినములు ఇంటి బరువంతయు అరువదియేండ్లు దాటిన అత్తగారి నడుముమీద పడెను. ఈ పట్టున పొరుగామె మాటలో ఒక పాలు నిజము కలదని ఒప్పుకొనవలసినదే. బొంత తప్పు కాదు. బొంతను నేటితో ముగింపవలెనను పట్టుదల తప్పు. అది బాగున్న దినముపై ఆశపడి బాగులేని దినములకు అప్పు చేయుట. ఆ అప్పును తీర్చునది తానొక్కతె కాదు, ఇల్లంతయు.

వైద్యులు చెప్పునదియు ఇదే. కీళ్ళను పూర్తిగ కదలింపక యుంచుటయు మంచిది కాదు, ఒకే పట్టున గంటలతరబడి బిగించుటయు మంచిది కాదు. సన్నని సూదిని గట్టిగ నొక్కిపట్టుకొని కూర్చుండుట వ్రేలికీళ్ళకు శ్రమ. కొంచెము లావు సూది, వదులు పట్టు, నడుమ నడుమ విశ్రాంతి కావలెను. భగవద్గీత ఆరవ అధ్యాయమున ఆహారమునందు, విహారమునందు, పనులయందు, నిద్రయందు, మేలుకొనుటయందు మితముగలవానికి యోగము దుఃఖమును పోగొట్టునని భగవానుడు సెలవిచ్చెను. రోగమును పోగొట్టునని అనలేదు. రోగము ఉండగనే దుఃఖము తగ్గుటకు వీలున్నదని దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

ఆ మితము ఎట్టిదో మేల్పుత్తూరు నారాయణ భట్టతిరి చరిత్రము చూచిన తెలియును. కేరళదేశపు ఈ మహావిద్వాంసుడు వాతరోగముచే పీడితుడు. గురువగు అచ్యుత పిషారడికి వచ్చిన వ్యాధిని శిష్యుడు తనపై నావహింపజేసికొనెనని సంప్రదాయము చెప్పును. గురువాయూరు చేరి, స్వామి సన్నిధిని కూర్చుండి, భాగవతమునంతను సంగ్రహించి నారాయణీయము చెప్పెను. నూరు దశకములు, వేయికి పైగా శ్లోకములు.  దినమునకు ఒక్క దశకము చొప్పున నూరు దినములని ప్రసిద్ధి. ప్రక్రియాసర్వస్వమువంటి వ్యాకరణ గ్రంథమును రచించిన దిట్టకు ఒక దినమున మూడు దశకములు చెప్పుట అసాధ్యము కాదు. ఒళ్ళు తేలికగ నున్న దినము ఆయనకును వచ్చియే యుండును. అయినను దశకము ముగియగనే స్వామిని ఆరోగ్యము వేడుకొని ఆనాటికి ఆపుచు వచ్చెను. దశకములలో పెక్కింటి చివర ఆ వేడికోలు నేటికిని చూడవచ్చును. నూరవ దినమువరకు తీసికొనివచ్చినది పాండిత్యమొక్కటియే కాదు, దినమునకు ఒక్కటి యను ఆ కొలతయు.

బొంతకును అట్టి కొలత యొకటి సులభముగ దొరకును. సూదికి ఎక్కించిన దారము మూరెడు. ఆ దారము ముగిసినచో ముడివేసి సూది పెట్టెలో పెట్టవలెను. బాగున్న దినమైనను రెండు దారములకు మించరాదు. బాగులేని దినమున సగము దారమైనను చాలును, సూది ముట్టకున్నను చాలును. వరుస సగములో ఆగినదే యని మనస్సు పీకును. అచ్చటనే నిగ్రహము చూపవలెను. ఆరంభించినది వ్యర్థము కాదను భగవానుని అభయము రెండవ అధ్యాయమున కలదు. అది కర్మయోగమును గూర్చి చెప్పినదే యైనను, సగము కుట్టిన బొంత ముందు కూర్చున్నవారు దానిని తలచుకొన్నచో ఆక్షేపణ ఉండదు.

ఇక ఈ ఇల్లాలి మనస్సును అన్నిటికంటె ఎక్కువగ కోయుచున్నది పొరుగామె మాట కాదు. ఆండాళ్ తల్లి ఏమనుకొనునో యను దిగులు. ఆ తల్లి తెల్లవారకముందే లెమ్మని చెలికత్తెలను పిలిచినది; తాను లేవలేదు. దీనికి శ్రీవైష్ణవ సిద్ధాంతమున సమాధానము వెదకనక్కరలేదు, ఎదుటనే యున్నది. ప్రపత్తికి అధికారమేమి యను చోట వేదాంతదేశికులు రహస్యత్రయసారమున ఆకించన్యమును, అనన్యగతిత్వమును చెప్పిరి. నా చేతిలో వేరు ఉపాయము లేదు, నీవు తప్ప నాకు వేరు దిక్కు లేదు అనుటయే అర్హత. ఇచ్చట ఆకించన్యమనగా దేహదౌర్బల్యము మాత్రమే యని పొరపడరాదు. భక్తియోగాది సాధనములకు తాను చాలనని ఎరుగుట దాని యర్థము. బలవంతుడు ఆ ఎరుకకు వచ్చుటకు ఒక జన్మ పట్టునేమో. పిడికిలి బిగియని తెల్లవారుజాము దానిని ఆమెకు ప్రతిదినము చెప్పుచున్నది. ఇతర సంప్రదాయములలో చేతగానితనము క్షమింపవలసిన లోపము కావచ్చును. ఇచ్చట అది వాకిలి. అయినను ఈ మాట రోగి తనకు తాను చెప్పుకొనదగినది. ప్రక్కనున్నవారు "నీ జబ్బు భగవదనుగ్రహమే" అని ఆమెకు ఉపదేశించుట మంచిది కాదు. వారు చేయవలసినది వేడినీళ్ళు కాచి యిచ్చుట.

ఇంటివారి ధర్మమేమో పూరీక్షేత్రమున చూచి నేర్వవచ్చును. జ్యేష్ఠ పూర్ణిమనాడు జగన్నాథస్వామికి నూటయెనిమిది కుండలతో స్నానము జరుగును. అంతట స్వామికి జ్వరము వచ్చినదని చెప్పి తలుపులు మూయుదురు. అనసరమని పిలువబడు ఆ పదునైదు దినములు భక్తులకు దర్శనము లేదు. దయితాపతులు లోపల నుండి పండ్లు, ఓషధులు నివేదించుచు, రోగికి చేయునట్లే పరిచర్య చేయుదురు. ఆ దినములలో యాత్రికులు పలువురు బ్రహ్మగిరిలోని అలారనాథుని సేవించుకొందురు. మూసిన తలుపుల ముందు నిలిచి, జ్వరము నిజమేనా యని అడిగినవాడు ఒక్కడును లేడు. తరువాత రథముమీద స్వామి వెలుగుచు కనబడినప్పుడు, ఇంత చక్కగ నున్నవాడు నిన్నటివరకు ఎందుకు రాలేదనియు ఎవ్వరును అడుగరు. చలికాలమున ఆ క్షేత్రముననే వేరొక సేవ కలదు. మార్గశిర శుద్ధ షష్ఠినాడు ఓఢణ షష్ఠి పేర మొదలిడి, మాఘమున వసంతపంచమివరకు స్వామికి చలిబట్టలు కప్పుదురు. బదరిలోనైతే ఆలయము శీతకాలమునకు మూయునాడు మాణా గ్రామపు ఆడపడుచులు నేసిన కంబళిని నేతిలో తడిపి స్వామికి కప్పుదురు. స్వామికి జ్వరము వచ్చుననియు, చలి వేయుననియు నమ్మగల మనస్సు, ఎదుటి గదిలోని మనిషి నొప్పియన్నప్పుడు ఋజువు అడుగుట ఏమి న్యాయము? ఇంటిలో రోగికి కావలసినది నమ్మకము, మందు వైద్యుడిచ్చును.

ఆ వీధిలో ధనుర్మాసము భోగితో ముగిసెను. బొంత ముగియలేదు. రెండు వైపుల అంచులును, నడుమ పదిపన్నెండు వరుసలును అయినవి. తక్కినది పెద్ద కుట్లతోనే నిలిచియున్నది. ఆ తెల్లవారుజామున వీధి చివర మంట వేయుటకు పిల్లలు ఇంటింట తిరిగి, ఈ ఇంటి అరుగుమీదికిని వచ్చిరి. చలి గట్టిగ నుండెను. లోపల ఇల్లాలు ఎప్పటివలెనే నీళ్ళగిన్నె ముందు కూర్చుండియుండెను.

"మామ్మగారూ, పాతవేమైనా ఉంటే ఇవ్వండి. ఇదుగో, ఈ పాత చీరల మూట పట్టుకుపోమా?"

అత్తగారు ముగ్గుబుట్ట దింపి, గబగబ వచ్చి ఆ మూటను వారి చేతులలోనుండి తీసికొనెను.

"అది ముట్టుకోకండిరా. పాతది కాదది, మా కోడలు కుడుతున్న బొంత."

అని, దానిని లోపలి గదిలో మంచముమీద పెట్టి వచ్చి, పెరటిలో మూలపడియున్న విరిగిన తట్టను పిల్లల చేతికిచ్చెను.